డ్యూయీ పంపిన ఐదుగురు

డ్యూయీ ఆస్ట్రాండర్ మంచివాళ్ళను పంపుతున్నాడు. నాకు అనుమానం పుట్టింది అక్కడే.

ఆ ఆదివారం మధ్యాహ్నం వెర్నా లస్క్ జట్టు నా జట్టును 31–10తో చితక్కొట్టింది. వీడియో గేమ్‌లోనే లెండి. మార్లో ఫెర్రీ అనే మా ఊళ్ళో పన్నెండు మందిమి పదకొండేళ్ళుగా కాలేజీ ఫుట్‌బాల్ లీగ్ ఆడుతున్నాం, బంతిని చేత పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఎవరి సోఫాలో వాళ్ళం కూర్చుని, తలా ఒక కాలేజీకి కోచ్‌లం. వెర్నాది సైనిక అకాడమీ. నేను, హోలిస్ క్రోల్, లీగ్‌కు కమిషనర్ని. అంటే జీతం లేని జడ్జిని. పగలు కౌంటీ ఆఫీసులో కార్ల రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర కూర్చుంటాను. ఇరవై రెండేళ్ళుగా కార్లు అమ్మేవాళ్ళ అబద్ధాలు వింటున్నవాణ్ణి. ఎవరేం చెప్పినా సగమే నమ్మడం నాకు అలవాటైపోయింది.

అకాడమీతో చిక్కేమిటంటే, గేమ్‌కు సైన్యం గురించి ఏమీ తెలియదు. అది హైస్కూలు ఆటగాళ్ళకు నక్షత్రాలు ఇస్తుంది. ఐదు నక్షత్రాలవాడు దేశంలోకెల్లా మేటి. అలాంటివాడికి వారం వారం ఫోన్ చేస్తూ పోతే చివరికి అకాడమీలోనూ చేరిపోతాడు. నిజంగా అయితే చేరతాడా? తెల్లవారకముందే లేచి, బూట్లు మెరిపించి, చదువయ్యాక ఐదేళ్ళు సైన్యంలో పనిచేయమంటే ఇటువైపు తొంగి కూడా చూడడు.

అందుకే అకాడమీ తీసుకున్నవాళ్ళకు మేం సొంత రూల్స్ రాసుకున్నాం. వేరే కాలేజీలోంచి మారి వచ్చేవాళ్ళు వద్దు. మూడు వందల పౌన్లు దాటినవాళ్ళు వద్దు. నాలుగేళ్ళు కాగానే వెళ్ళిపోవాలి, ఇంకో ఏడాది అట్టేపెట్టుకోవడం కుదరదు. వీటన్నిటికన్నా పెద్దది నామినేషన్. అసలు అకాడమీలో చేరాలంటే ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడో సెనేటరో పేరు పంపాలి. ఒక సభ్యుడి తరఫున ఒకే సమయంలో ఐదుగురికి మించి అక్కడ ఉండకూడదు. మా లీగ్‌లోనూ అదే పెట్టాం. మిగతా పదకొండు మందిమి రాష్ట్రాలు పంచుకున్నాం. మా రాష్ట్రాల్లోంచి ఎవరు అకాడమీకి వెళ్ళాలో మేమే మూడు లైన్ల ఉత్తరంతో వెర్నాకు పంపాలి. ఒక్కొక్కరికి ఐదు పేర్లు.

అంటే వెర్నా ఆటగాళ్ళను ఎంచేది ఆమె శత్రువులే. ఇంకేముంది, ఏరి ఏరి చెత్త పంపేవాళ్ళం. అది మా లీగ్‌లో ఎవరూ రాయని పన్నెండో రూలు. వెర్నా వరసగా ఆరు సీజన్లు అట్టడుగున ఉంది. నోరెత్తి ఒక్కమాట అనలేదు.

తర్వాత రెండు సీజన్లలో (గేమ్‌లో సీజనంటే నాలుగు నెలలే) డ్యూయీ దగ్గర్నుంచి ఐదుగురు వెళ్ళారు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఒకడు, వాడికి దారి చేసేవాళ్ళు ఇద్దరు, అవతలివాణ్ణి నేలకేసి కొట్టేవాళ్ళు ఇద్దరు. ఐదుగురూ బంగారం. అకాడమీ ఇప్పుడు రెండో స్థానంలో ఉంది.

సోమవారం రస్ టకాచ్ దగ్గర జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాను. రస్ మా లీగ్‌లోవాడే. ఊళ్ళో విషయాలు మెడకు గుడ్డ కట్టేలోపే చెప్పేస్తాడు.

"ఏం కమిషనరూ, నర్సమ్మ గట్టిగానే సూది పొడిచిందట?"

వెర్నా ఒకప్పుడు సైన్యంలో నర్సు, మేజర్‌గా రిటైరైంది.

"నవ్వు, నవ్వు. వచ్చే ఆదివారం నీ వంతేగా."

"నాకేం భయం? ఓడిపోవడం నాకు అలవాటే. ఒకటి చెప్పు, డ్యూయీకి ఏమైంది? వెర్నా మీద మనసు పడ్డాడా?"

"వాడికి పెళ్ళాముంది."

"అందుకే అడుగుతున్నా," అన్నాడు రస్, నా చెవి వెనకాల దువ్వెన పెట్టి. "ఊరికే ఎవడూ బంగారం పంచడు హోలిస్. నీకు తెలీనిదా?"

ఇంటికెళ్ళి డ్యూయీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. పాతవి ఇలా ఉండేవి: "బాగా ఆడతాడు. తీసుకో. డ్యూయీ." కొత్తవి చదివితే వేరే మనిషి రాసినట్టుంది. "వేగం తక్కువే. కానీ అలసట అంకె చూడండి. ఆట చివర్లో అందరూ నడుస్తుంటే వీడింకా పరిగెత్తుతుంటాడు." పాల ట్యాంకరు నడిపే డ్యూయీ, పుట్టినరోజు కార్డు మీద కూడా సంతకం తప్ప ఏమీ రాయని డ్యూయీ, ఇలా రాశాడంటే దాని వెనక ఏదో ఉండాలి.

ఫోన్ చేశాను. ఎక్కడో రోడ్డు మీదున్నాడు.

"ఒరేయ్ డ్యూయీ, వెర్నాకు పంపావే, ఆ పరిగెత్తేవాడు. వాడి పేరేంట్రా?"

"ఎవడు?"

"నువ్వు ఉత్తరం రాసినవాడు. ఆట చివర్లో కూడా పరిగెత్తుతాడు అన్నావే."

వాడు గేరు మార్చిన చప్పుడు వినపడింది.

"ఆ... వాడా. మంచోడు."

"పేరు అడిగాను."

"సిగ్నల్ పోతోందిరా."

సిగ్నల్ పోలేదు. వాడే పెట్టేశాడు.

శుక్రవారం చర్చి హాల్లో చేపల విందు. వేయించిన చేప, క్యాబేజీ, పక్కన నీళ్ళలాంటి కాఫీ. మా బల్ల దగ్గరే డ్యూయీ కనిపించాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు గానీ, పక్కవాళ్ళతో గొప్పలు చెప్పుకోవడం మానలేదు.

"మా అమ్మాయి లారెల్ అకాడమీకి పెట్టుకుంది. అసలు అకాడమీకే! మైలు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తుతుంది. వచ్చే శనివారం లైబ్రరీలో ఇంటర్వ్యూ. కాంగ్రెస్ సభ్యుడి తరఫున కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు సరే అంటేనే నామినేషన్. అది లేకపోతే అంతే."

లారెల్ పదిహేడేళ్ళది. శనివారాలు బేకరీలో పనిచేస్తుంది. ఎప్పుడు చూసినా నడవదు, పరిగెత్తుతుంది.

నేను కాఫీ నింపుకోవడానికి లేచాను. గోడ మీది బోర్డుకు ఆ ఇంటర్వ్యూల నోటీసు అంటించి ఉంది. కింద కమిటీ సభ్యుల పేర్లు. నాలుగో పేరు: మేజర్ వెర్నా లస్క్, రిటైర్డ్.

కాఫీ చేతి మీద పోసుకున్నాను.

గేమ్‌లో నామినేషన్లు ఇటు, నిజం నామినేషన్ అటు! డ్యూయీ కూతురి కోసం వెర్నాకు ఆటగాళ్ళను సమర్పించుకుంటున్నాడు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ నాకు తెలిసిన లంచాల్లో సగం ఇంతకన్నా పిచ్చివి. ఒకసారి ఒకాయన నంబర్ ప్లేటు కోసం నా టేబుల్ మీద జింక మాంసం పెట్టి వెళ్ళాడు.

వెర్నా తలుపు దగ్గర కోటు వేసుకుంటోంది. దగ్గరికి వెళ్ళాను.

"కమిటీలో ఉన్నావని ఎప్పుడూ చెప్పలేదే?"

"నాలుగేళ్ళ నుంచీ ఉన్నా. నువ్వెప్పుడూ అడగలేదు."

"డ్యూయీ కూతురు వస్తోందట."

ఆమె గుండీలు పెట్టుకోవడం ఆపింది. "హోలిస్, ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల గురించి నేను చర్చి గుమ్మంలో నిలబడి మాట్లాడను. అడగాలనుంటే అడగాల్సిన చోట అడుగు."

వెళ్ళిపోయింది. తప్పు లేనివాళ్ళు ఇంత పొడిగా మాట్లాడతారా అనుకున్నాను. కార్ల కౌంటర్లో కూర్చున్న నాకు తెలియాల్సింది, వాళ్ళే అలా మాట్లాడతారని.

మంగళవారం భోజనాల వేళ ఫిర్యాదు రాశాను. ఒక పేజీ. పేర్లు, తేదీలు, ఐదుగురి నక్షత్రాలు. కాంగ్రెస్ సభ్యుడి స్థానిక ఆఫీసు మా వీధి చివరే. చేత్తోనే ఇచ్చాను. న్యాయం కోసం అనుకున్నాను. 31–10 అన్న అంకె తలలో తిరగలేదని మాత్రం ప్రమాణం చేయలేను.

గురువారం ఫోన్ వచ్చింది. కమిటీ అధ్యక్షుడు డాక్టర్ ఫెన్విక్. ఒకప్పుడు కర్నలు, ఇప్పుడు పళ్ళ డాక్టరు.

"శనివారం పదిన్నరకు రండి మిస్టర్ క్రోల్. ఆ ఉత్తరాలు తెండి. డ్యూయీవే కాదు, మీవి కూడా."

"నావెందుకు?"

"తెండి," అన్నాడు.

లైబ్రరీ పైగదిలో పొడుగాటి బల్ల. ఫెన్విక్, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు. ఒకరు స్కూలు ప్రిన్సిపాల్, తెల్లజుట్టు ఆవిడ. ఇంకొకరు నౌకాదళంలో పనిచేసినాయన. ఎదుటి కుర్చీలో లారెల్. నీలం కోటు, చేతులు మోకాళ్ళ మీద. వెర్నా లేదు. డ్యూయీని బయటే కూర్చోబెట్టారు.

"వెర్నా ఏదీ?" అన్నాను.

ఫెన్విక్ ఒక కాగితం నా వైపు తోశాడు. "మేజర్ లస్క్ అక్టోబర్ నాలుగునే రాసిచ్చారు. 'ఈ అమ్మాయి తండ్రి నాకు తెలిసినవాడు. ఈమె విషయంలో నేను కూర్చోను, ఓటు వేయను' అని. అభ్యర్థికి కూడా అప్పుడే తెలియజేశాం."

అక్టోబర్ నాలుగు. నా ఫిర్యాదుకు రెండు నెలల ముందు.

"అయితే నా కాగితం వెనక్కి తీసుకుంటాను."

"కూర్చోండి. ఆవిడ తప్పుకుంది కాబట్టి ఆవిడ మీద మచ్చ లేదు. కానీ ఇవ్వజూపినవాడి సంగతి వేరు. తండ్రి లంచం ఇవ్వజూపాడా, ఆ సంగతి కూతురికి తెలుసా? అది తేలకుండా మేం ఈ పిల్ల పేరు పంపలేం." ఆయన లారెల్ వైపు తిరిగాడు. "మిస్ ఆస్ట్రాండర్, మీ నాన్నగారు ఈ ఉత్తరాలు ఎందుకు రాశారు?"

"నాన్న రాయలేదు సార్. నేను రాశాను."

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసింది.

"నాన్న వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆదివారం ఆట మాత్రం తనే ఆడతాడు. మిగతా పని నేను చేస్తాను. ఆటగాళ్ళను వెతకడం, ఫోన్లు, ఉత్తరాలు అన్నీ. పోయిన వసంతం నుంచి."

"మేజర్ లస్క్ కమిటీలో ఉన్నారని అప్పటికి తెలుసా?"

"తెలీదు సార్. అక్టోబర్లో మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. అప్పటికి నలుగురిని పంపేశాను. ఐదోవాణ్ణి తర్వాత పంపాను."

"తెలిసి కూడా పంపావా?"

"వాడు పనికొచ్చేవాడు సార్. ఆవిడ కమిటీలో ఉందని ఆపితే, అప్పుడు వాడికి అన్యాయం చేసినదాన్ని అవుతాను కదా. కంప్యూటర్ బొమ్మే అనుకోండి."

నౌకాదళం ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఫెన్విక్ నవ్వలేదు.

"మిగతా పదిమందీ పనికిరానివాళ్ళను పంపుతారని మిస్టర్ క్రోలే రాశారు. నువ్వు ఎందుకలా చేయలేదు?"

"నామినేషన్ అంటే అది కాదు కదా సార్. ఇప్పుడు నేను మీ ముందు కూర్చుంది దానికోసమే. అకాడమీ పాడైపోవాలని ఎవరైనా నన్ను పంపితే నాకెలా ఉంటుంది?"

ఫెన్విక్ వేలు నా వైపు తిరిగింది.

"మీ ఐదూ చదవండి మిస్టర్ క్రోల్."

"అవసరమంటారా?"

"మీరు ఆమెవి మాకు చదివించారు. మీవి మీరు చదవండి."

చదివాను. "పొడుగు ఎక్కువ. గాలొస్తే ఊగుతాడు. మీకే తగినవాడు." కాగితం తిప్పాను. "వీడికి బంతి అంటే భయం. సైన్యం ఆ భయం పోగొడుతుందని ఆశ." మూడోది చదువుతుంటే ప్రిన్సిపాల్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగోది నేనే మింగేశాను. రాస్తున్నప్పుడు రస్‌తో కలిసి పగలబడి నవ్వుకున్న మాటలే. ఆ గదిలో వాటిని నా గొంతే పలుకుతుంటే తల ఎత్తలేకపోయాను.

అయిపోయిందనుకున్నాను. పిల్ల బయటపడింది, పోయింది నా పరువే. ఫెన్విక్ మాత్రం లారెల్ ఉత్తరాల్ని ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. చివరి లైను దగ్గర వేలు ఆపాడు.

"కింద సంతకం ఎవరిది?"

"నాన్నది," అంది లారెల్.

"పెట్టింది?"

"నేను."

"నాన్నకు తెలుసా?"

"తెలుసు సార్."

"మిగతా పదకొండు మందికి?"

"తెలీదు."

ఫెన్విక్ కలం కింద పెట్టాడు. అకాడమీ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. అబద్ధం ఆడనని, మోసం చేయనని, చేసేవాణ్ణి సహించనని మాట ఇస్తేనే అక్కడ చోటు. ఆ అబద్ధం పెద్దదా చిన్నదా అని తూచరు. ఒక్కదానితో ఇంటికి పంపేసిన సందర్భాలున్నాయి.

ఇంతా చేసి నేను తవ్వి తీసింది ఇదీ. లంచం కోసం తవ్వితే, పదిహేడేళ్ళ పిల్ల సోఫాలో కూర్చుని పెట్టిన ఐదు సంతకాలు దొరికాయి.

"మిస్టర్ క్రోల్," అన్నాడు ఫెన్విక్. "ఇళ్ళల్లో తండ్రి పేరు మీద పిల్లలు ఆడుకోవడం మామూలే. మీ లీగ్‌లో కూడా అది మామూలే అయితే ఇందులో దాపరికం లేదు, ఇక్కడితో వదిలేస్తాను. మీ రూల్స్‌లో దీన్ని గురించి ఏమైనా ఉందా?"

ఉంది. నాలుగో రూలు. రాసింది నేనే. మూడో ఏడాది రస్ తన బావమరిదిని కూర్చోబెట్టి నా మీద గెలిచినప్పుడు కోపంతో రాశాను. కానీ రూల్స్ కాగితం నా దగ్గర లేదు, ఆయన ఉత్తరాలే తెమ్మన్నాడు. ఆ గదిలో ఆ రూలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. 'లేదు' అంటే సరిపోతుంది. ఒక్క మాట. నేను చేసిన పాడు పనికి అదే విరుగుడు.

నోరు తెరిచాను.

"నాలుగో రూలు సార్," అంది లారెల్. నా వైపు చూడలేదు. "లీగ్‌లో సీటు ఎవరిదో వాళ్ళే ఆడాలి, వాళ్ళే రాయాలి. వేరేవాళ్ళ చేత చేయిస్తే సీటు పోతుంది. మొదటి ఉత్తరం రాసేటప్పుడే చదివాను. గేమే కదా అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవట్లేదు."

ఫెన్విక్ కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మీరు వెళ్ళొచ్చు మిస్టర్ క్రోల్. ఇంటర్వ్యూ మొదలుపెట్టాలి."

కింద పార్కింగ్‌లో డ్యూయీ నా కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వేనట్రా కాగితం ఇచ్చింది? పిల్ల నోటికాడ కూడు లాగుతావా? ఓడిపోయినందుకా?"

"పేరు అడిగితే ఫోన్ ఎందుకు పెట్టేశావురా?"

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి! సీటు పోతుందని భయపడ్డాను."

ఇద్దరం మంచులో నిలబడి, నలభై నిమిషాలు ఒకరినొకరు చూసుకోకుండా గడిపాం. లారెల్ మెట్లు దిగి వచ్చింది. అప్పుడు మాత్రం నడిచే వచ్చింది.

"ఏమన్నారమ్మా?" అన్నాడు డ్యూయీ.

"ఏమీ అనలేదు. జనవరిలో చెప్తారట." నా వైపు తిరిగింది. "మిస్టర్ క్రోల్, మా సీటు మీద ఓటింగ్ ఎప్పుడు?"

"ఏ ఓటింగ్?" డ్యూయీ అరిచాడు.

"నాలుగో రూలు నాన్నా."

"ఒసేయ్, అక్కడ చెప్పాల్సింది చెప్పేశావుగా! ఇంక నా సీటెందుకే?"

"అక్కడ చెప్పి ఇక్కడ మానేస్తే, ఏం చెప్పినట్టు?"

మంగళవారం ఓటింగ్ పెట్టాను. ఎనిమిది–మూడు. డ్యూయీ సీటు పోయింది. పదకొండేళ్ళ సీటు. ఉంచేయాలన్న మూడు ఓట్లలో ఒకటి నాది, ఒకటి రస్‌ది. వెర్నా తీసేయమనే వేసింది. ఆ వారమే ఆమె డ్యూయీ పంపిన ఐదుగురినీ జట్టులోంచి తొలగించింది. ఎవరూ అడగలేదు. ఆఖరి ఆట ఓడిపోయింది.

జనవరి మూడో వారంలో జాబితా వచ్చింది. లారెల్ పేరు ఉంది. మార్చిలో అకాడమీ నుంచి పిలుపు కూడా వచ్చింది. డ్యూయీ చర్చి హాల్లో అందరికీ కాఫీ పోశాడు, నా కప్పు తప్ప.

జూన్‌లో లారెల్ నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. మొదటి ఏడాది అక్కడ కారు ఉండకూడదు కాబట్టి, తన పాత కారు తండ్రి పేరుకు మార్చాలి. జుట్టు అప్పటికే కత్తిరించేసుకుంది. కాగితాలు చూశాను, ముద్ర వేశాను. వెనకాల లైన్లో ఎవరూ లేరు. ఆరు నెలలుగా నమిలిన ప్రశ్న అడిగేశాను.

"ఆ రోజు నేనేం చెప్పబోయానో నీకు తెలుసా?"

"తెలీదు," అంది. "అందుకే ముందు చెప్పాను."

కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. నా ముద్ర సరిగ్గా పడిందో లేదో వెలుతురుకు పట్టి చూసుకుంది. తర్వాత కవరులో పెట్టుకుని వెళ్ళిపోయింది.